మంట కాడ జముకు

ఇలగ రండర్రా గుంటలూ. ఆ తడి ఇసకలో కూకుంటే సలి ఎముకల్లోకి దిగుద్ది. గాలి వంశధార మీదనించి కొడతంది, పొగ అటు పోద్ది, మీరు ఇటు కూకోండి. పెద్దోడా, ఆ తాటిమొద్దు కూసింత లోపలికి తొయ్యి. అదీ. సివరాత్రి జాగారమంటే ఊరికే కన్ను తెరుసుకోని కూకోడం కాదర్రా. తెల్లారేదాకా ఎవరో ఒకలు నోరు ఇప్పుతా ఉండాల, ఎవరో ఒకలు ఊఁ కొడతా ఉండాల. గుడి కాడ మైకులో భజన ఆల్లు సూసుకుంటారు. ఈ మంట కాడ వొంతు నాది.

పొద్దున్నించి మన బెంగుళూరోడి మీదే ఉంది నా సూపు. సివరాత్రికి ఊరొచ్చినోడు సంచీలో పంచె పెట్టుకోడం మరిసిపోనాడు గానీ ఈపున గిటారు మాత్రం మోసుకొచ్చినాడు. "ఏటి పాడతార్రా మీ జట్టు?" అనడిగినాను. "పంక్, తాతా" అన్నాడు. నాకు పంకా తెలుసు, పంకం తెలుసు. పంకమంటే బురద. "బురద పాటలేట్రా?" అన్నాను. ఆడు నవ్వి, "నువ్వన్నదే రైటు తాతా, పెద్దోల్ల సంగీతం ముందు మాది బురదే" అన్నాడు. అక్కణ్ణించి పొద్దుగూకేదాకా ఆడు సెప్తానే ఉన్నాడు, నాను ఇంటానే ఉన్నాను.

ఆడు సెప్పింది ఇదీ. 1970ల్లో అటు న్యూయార్కులోన, ఇటు లండన్లోన కుర్రోల్లకి పన్లు నేవు, జేబులో డబ్బు నేదు. పాటలు సూస్తే పెద్ద కంపెనీల సేతిలో ఉన్నాయి. గిటారు పట్టాలంటే ఏల్లకేల్లు సాధన సెయ్యాలన్నారు. ఈల్లకి ఇసుగెత్తిపోనాది. మూడు కార్డులు వొస్తే సాలు, జట్టు కట్టీడమే. పోస్టర్లు ఆల్లే అతికించుకున్నారు, రికార్డులు ఆల్లే అచ్చేయించుకున్నారు, ఆల్ల కబుర్లు ఆల్లే రాసి జెరాక్సు తీసి పంచుకున్నారు. 1976 సెప్టెంబరులో లండన్లో 100 క్లబ్ అనే సోట రెండు రేత్రులు జాతర సేసినారట. అందులో సూక్సీ అని ఒకమ్మాయి జట్టు అదే మొదటిసారి మెట్టెక్కింది. పాటలు సరిగ్గా నేరుసుకోనూ నేదు, సొంత సామానూ నేదు. క్లాష్ అనే ఇంకో జట్టు మేనేజరుని సామాను అడిగితే ఇవ్వనన్నాడట. ఎందుకంటే ఆ అమ్మాయి సేతికి హిట్లరోడి గుర్తున్న పట్టీ కట్టుకోనొచ్చింది. ఆకరికి ఇంకో జట్టు సామానిచ్చింది. దాని పేరు సివరాత్రి పూట నా నోటంట రాదు గానీ, ఆల్ల సామానుతో ఇరవై నిమిసాలు వాయించి దిగినారట.

"మీకూ అలగే జరుగుద్దేటి?" అనడిగినాను. మొన్నొకపాలి ఆల్ల ఆంప్లిఫయరు పొగలు కక్కి ఆగిపోతే, తరవాత వాయించాల్సిన జట్టు తమది ఎత్తుకొచ్చి ఈల్ల ముందు పెట్టిందట. అడక్కుండానే. ఆ ముక్క ఇన్నాక నాకు నిద్దర ఎగిరిపోనాది. ఎందుకంటే అలాటిది ఈ ఇసకలోనే, అదిగో ఆ రేవు కాడ, నా సేతుల్లో జరిగింది.

ఓ అమ్మీ, ఆ గోనిసంచిలోది ఇలగియ్యి. మెల్లిగా.

సూడండి. ఇదీ జముకు. కుంచంలాటి బుర్ర. ఒక పక్క తోలు మూత, రెండో పక్క ఖాలీ. తోలు నడిమధ్యన సన్న బెజ్జం. అందులోంచి ఒక్కటే ఒక్క నరం బుర్ర లోపలనించి బైటికొస్తాది. కొసన ఈ పుల్ల ముక్క. బుర్రని ఎడం సంకన ఇరికించి, ఎడం సేత్తో పుల్ల పట్టుకోని నరాన్ని బిగలాగి, కుడి సేత్తో మీటాల. లాగితే గొంతు పైకెల్లుద్ది, ఒదిలితే కిందకి దిగుద్ది. మెట్లు నేవు, బిరడాలు నేవు. మీకు మూడు కార్డులైతే మాకు ఒక్క నరం రా. దాన్తోనే ఎల్లమ్మ కథ పొద్దుగూకి ఎత్తుకుంటే ఏకువజాముకి దించీవోల్లం. ఏడుపుకీ ఇదే నరం, యుద్ధానికీ ఇదే నరం. తేడా అంతా ఎడం సెయ్యి ఎంత లాగిందన్న దాన్లో ఉంది.

నా సిన్నప్పుడు ఈ సివరాత్రి ఎలగుండీదంటే, రెండ్రోజుల ముందునించే బండ్లు దిగిపోయీవి. బస్సులు తక్కువ. పర్లాకిమిడి వైపునించి ఒరియావోల్లు నడిసొచ్చీవోల్లు. సివరాత్రి ఎల్లినాక చక్రతీర్థ స్నానాలదాకా ఈ ఒడ్డు ఒడ్డంతా సంసారమే. ఎద్దులు ఒక పక్క, వొంటలు ఒక పక్క. సిలగడదుంపలు ఉడికిన వాసన, జీల్లమ్మీవోల్ల కేక, సెరుకు పిప్పి కాలికింద పటపటమనడం. సీకటి పడితే ఇసక మీద మంటలు లేసీవి. ఒక్కో మంట ఒక్కో జట్టు.

అదిగో అటు తప్పెటగుల్లు. యాదవులది ఆ ఇద్దె. ఎదకి తప్పెట కట్టుకోని, కాల్లకి గజ్జెలు కట్టుకోని, గుండ్రంగా తిరుగుతా ఒక్కసారే ఎగిరితే ఇసక మన మీద పడీది. ఒకడి బుజాల మీద ఇంకొకడెక్కి గోపురం కట్టీవోల్లు, సెయ్యి మాత్రం తప్పెట ఇడిసేది కాదు. ఇటు కోలాటం. ఆ మూల కొండ మీదనించి దిగిన సవరలు. ఆల్ల మాట మాకు తెల్దు, అడుగు తెలుసు. అసలీ దేవుడు ముందు ఆల్ల దేవుడేనర్రా. ఇప్పసెట్టులో ఎలిసినాడు, సెట్టు కొట్టబోతే మొకం కనబడ్డాది, అందుకే ముకలింగం అని కదా కథ. ఇప్పసెట్టుని సంస్కృతంలో మధుకమంటారు, అందుకే మధుకేశ్వరుడు. కలింగాన్నేలిన గంగరాజులు రాజధాని కట్టి ఇంత పెద్ద గుడి లేపినారు గానీ, ఆ రాజులకన్నా ముందు సెట్టుకింద పాడినోల్లున్నారు.

ఈ జాతరకి కమిటీ నేదు, టిక్కెట్టు నేదు, మార్కులేసీవోల్లు నేరు. ఏ మంట కాడ జనం కదలకుండా కూకున్నారో ఆ జట్టు గెలిసినట్టు. కథ సప్పబడితే ఎవులూ నిన్ను తిట్టరు. తుండుగుడ్డ దులుపుకోని పక్క మంట కాడికి ఎల్లిపోతారు. అంతకంటే పెద్ద తిట్టు నేదు. నచ్చితే సదివింపులు. అర్ధో రూపాయో ఇస్తే, వొంత పాడీవోడు ఆ ఇచ్చినోడి పేరు కథలో కలిపీసి సదివీవోడు. తిండి మాత్రం ఊరిదే. ఏ ఇంటి గుమ్మంలోకెల్లినా జట్టోల్లకి సోడి అంబలి పోసీవోల్లు. నాను సెప్పీ ఏడు నాకు మీసం మొలవనేదు. మా గురువు కథ సెప్పీవోడు, ఇంకొకడు గజ్జెలు కట్టి వొంత, జముకు నాది.

ఆ రేత్రి మా ఎదర మంట కాడ ఏటికి అవతలొడ్డు జట్టు దిగింది. ముసిలాయన పెద్ద. ఆయన జముకు మీటితే ఆవు దూడని పిలిసినట్టుండీది. మాకూ ఆల్లకీ పాత పంతం. మా గురువు నాతో, "నరం బిగుతు సూసుకో, ఈ ఏడు ఆల్ల మంట కాడ కుక్క కూడా మిగలకూడదు" అన్నాడు. సగం రేత్రికి మా సుట్టూ జనం కిక్కిరిసిపోనారు. అప్పుడు మంచు దిగింది.

మంచు దిగితే తోలు మెత్తబడిపోద్ది. మీటితే తడిగుడ్డని కర్రతో కొట్టినట్టే, గొంతు రాదు. మంట కాడ కాపాల. దానికో పద్ధతుంది. తోలుని మంటకి సూపించాల గానీ పెట్టకూడదు. తిప్పుతానే ఉండాల. నీ అరిసెయ్యి ఎంత ఏడి ఓర్సుకుంటాదో తోలూ అంతే ఓర్సుకుంటాది, అందుకే తోలు పక్కనే అరిసెయ్యి పెట్టి కాపాల. ఆ రోజు నాకు ఆత్రం. కథ మాంచి పట్టులో ఉంది, జనం లేసిపోతారేమోనని బయం. అరిసెయ్యి తీసీసి తోలుని మంటకి దగ్గరగా తోసినాను. టప్పుమన్నాది. నడిమధ్య బెజ్జం కాణ్ణించి అంచుదాకా ఒకటే సీలిక.

మా గురువు కథ ఆపనేదు. నా వైపు ఒక్కసారి సూసినాడు, అంతే. అరిసేత్తో ఎద మీద కొట్టుకుంటా లయ నడిపినాడు. గజ్జెలోడు కాలు గట్టిగా ఏసినాడు. అలగ కూసింతసేపు. అయినా ఎనక వరసలో తుండుగుడ్డలు దులపడం నాకు కనబడతంది. ఒకలు లేసినారు. ఇద్దరు లేసినారు. నాకు ఆ సీలిక నా గుండె మీదే పడ్డట్టున్నాది.

అప్పుడు ఎదర మంట కాడ జముకు ఆగిపోనాది. ఏటాని తలెత్తి సూసినాను. ఆ ముసిలాయన తన జముకు సంకనెట్టుకోని, మంటల మధ్య ఇసక దాటుకోని మా వైపే నడిసొస్తన్నాడు. వొచ్చి మా గురువు ముందు నిలబడి, "నీ గుంటడి సేతికియ్యి. నా కథ వొంతుకి మల్లీ పంపుదువు గాని" అన్నాడు.

ఇంక ఆ రేత్రంతా నా పని అదే. ఈ మంట కాడ ఒక ఘట్టం అయితే జముకు సంకనెట్టుకోని ఆ మంట కాడికి పరుగు. అక్కడ ఒక ఘట్టం అయితే మల్లీ ఇటు. మంచుకి తడవకుండా నా దుప్పట్లో సుట్టి, సంటిపిల్లని మోసినట్టు మోసినాను. కాల్లకింద ఇసక ఐసులాగుండీది, ఒంటికి మాత్రం సెమట. మొదట్లో జనం ఒక మంట కాడే కూకోని నా రాకకోసం సూసీవోల్లు. తరవాత తరవాత నా ఎనకాలే నడవడం మొదలెట్టినారు. జముకు ఎక్కడుంటే అక్కడికి ఊరు ఊరంతా. మూడోజాముకి ఎవరో ఇసుగొచ్చి, "ఈ గుంటడు పరిగెత్తలేక సస్తన్నాడు, మీరే దగ్గరకి జరగండర్రా" అన్నారు. ఆల్ల మొద్దులు తెచ్చి మా మంటలో ఏసినారు. రెండు కథలు ఒక మంట కాడ నడిసినాయి. మా వొంతోడు ఆల్ల కథకి వొంత పలికినాడు, ఆల్లోడు మాకు పలికినాడు. తెల్లారి ఎవులు గెలిసినారంటే ఎవులూ సెప్పలేకపోనారు.

స్నానానికెల్లేముందు మా గురువు ఆయన్నడిగినాడు, "మా కథ సచ్చిపోతన్నాది కదా, ఎందుకిచ్చినావు?" అని. ఆయన పల్లు తోముకుంటా, "ఇక్కడికొచ్చినోల్లు నీ కథకీ రానేదు, నా కథకీ రానేదు. జాగారానికొచ్చినారు. ఒక మంట ఆరిపోతే సగం మంది నిద్దరోతారు" అన్నాడు.

బాగుంది కదేటి? ఇక్కడ ఆపీస్తే మేం శానా మంచోల్లమైపోతాం. ఆపను. సివరాత్రి పూట సగం కథ సెప్పకూడదు.

ఆ రేత్రి ఇసక మీద ఇంకో మంటుంది. అల్లంత దూరంగా, తుప్పల కాడ. డప్పులోల్లది. దేవుడి ఊరేగింపుకి ఆల్ల డప్పు కావాల, సావుకి కావాల, పెల్లికి కావాల. కానీ ఆల్లు తాగీ నీల్లు మాత్రం ఎవులో ఒకలు పైనించి దోసిట్లో పొయ్యాల. ఆల్ల డప్పులూ ఆ మంచుకి మెత్తబడే ఉంటాయి, ఆల్లూ కాపుకుంటానే ఉంటారు. ఆ ముసిలాయన జముకు నా సంకన రెండు మంటల మధ్య అన్నిసార్లు తిరిగింది గానీ ఆ మూడో మంట కాడికి ఒక్కపాలీ ఎల్లనేదు. ఎల్లాలన్న ఆలోచనే నాకు రానేదు. ఇన్నేల్లూ ఈ కథ గొప్పగా సెప్పుకున్నాను, ఆ మంట సంగతి ఎగ్గొట్టీసి. ఇయ్యాల ఈడు ఆ లండన్ కబురు సెప్పినాక గుర్తొచ్చింది. హిట్లరు గుర్తు పెట్టుకొచ్చినోల్లకి సామాను ఇవ్వననడంలో ఆ క్లాషోల్లకి ఒక నీతి ఉంది. మేం దూరం పెట్టడంలో నీతి నేదు నాయనా. బుద్ధితక్కువ ఉంది.

ఆ తరవాత కొన్నేల్లకే జముకు ఇంకో పని సేసింది. ఉద్దానంలో బొడ్డపాడని ఊరుంది. అక్కడ సుబ్బారావు పాణిగ్రాహి అని గుడి పూజారి. ఇంట్లో ఒరియా, పాట మాత్రం మన పల్లెల తెలుగు. ఆయన జముకుల కథని పట్టుకోని, అందులో ఎల్లమ్మ సోట కూలోల్లనీ గిరిజనుల్నీ కూకోబెట్టినాడు. జనానికి తెలిసిన నరం మీదే తెలీని కథ మీటినాడన్నమాట. పాడి ఊరుకోనేదు. ఆల్ల పోరాటంలోకే ఎల్లిపోనాడు. 1969 డిసెంబరులో పోలీసుల తూటాలకి సచ్చిపోనాడు. ఆ దారి ఒప్పా తప్పా అని నాను సెప్పను, ఇక్కడ మంట కాడున్నోల్లలోనే నాలుగు రకాల మాటలుంటాయి. నాకు తెలిసిందొక్కటే. ఆ రోజుల్లో సంకన జముకు పెట్టుకోని నడిసినోణ్ణల్లా ఆపి, "ఏ కథ? ఎవరి కథ?" అనడిగీవోల్లు. ఒక తోలు, ఒక నరం. దానికీ బయపడ్డారు. నానూ బయపడ్డాను. రెండేల్లు ఈ బుర్రని అటకమీద పారీసినాను. ఎలుకలు నరం కొరికీసినాయి.

మల్లీ పైకి తీయించినోడు వంగపండు ప్రసాదరావు. పార్వతీపురం పక్క పెదబొండపల్లి ఆయనది. ఇశాకపట్నం షిప్పుయార్డులో పనిసేసినోడు. 1972లో గద్దరుతో కలిసి జననాట్యమండలి కట్టినారు. కాలికి గజ్జె కట్టి ఆడతా పాడతా ఉంటే, మన గొర్జిల్లో మాటాడుకునీ మాటే ఊల్లూల్లూ తిరిగింది. హైదరాబాదులో కూడా ఈ యాస ఇని నవ్వనేదు, సప్పట్లు కొట్టినారు. 2020 ఆగస్టులో పోనాడు. ఆ కబురు తెలిసిన పొద్దున నాను ఈ జముకుకి కొత్త నరం కట్టినాను. ఎందుకంటే తెల్దు. సెయ్యి ఊరుకోనేదు.

యాస అంటే గుర్తొచ్చింది. బెంగుళూరోడా, నీ పాటలు ఏ బాసలో రా? ఇంగిలీసా? ఊఁ. ఆ లండన్ కుర్రోల్లేటి సేసినారన్నావు? అప్పటిదాకా ఆల్ల దేసం గాయకులు అమెరికావోల్ల లాగ నోరు తిప్పి పాడీవోల్లు, ఈల్లు మాత్రం ఆల్ల యీది యాసలోనే పాడినారు అన్నావా నేదా? మరి నువ్వు? నాను తప్పట్టడం నేదురా, అడుగుతన్నాను.

ఇదిగో, మన దగ్గర్లోనే పర్వతాలపేట. 1863లో గిడుగు రామ్మూర్తి పంతులుగారు పుట్టింది అక్కడే. పర్లాకిమిడి బల్లో పాఠాలు సెప్పుకుంటా, ఎవులూ పట్టించుకోని సవర బాస నేరుసుకోని, దానికి వ్యాకరణం రాసినాడు, నిఘంటువు రాసినాడు. మన గుడి గోడల మీద శాసనాల్ని గురువు నేకుండా తనంతట తనే కూడబలుక్కోని సదివినాడు. ఆ ఇద్దెకీ ఆయనకి గురువు నేడు సూసినావా, మీ పంకోల్లకి లాగే. పుస్తకంలో తెలుగు ఒకటి, నోట్లో తెలుగు ఒకటీ ఉండకూడదని పండితులందరితో జగడం ఆడినాడు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే ఇప్పుడు తెలుగు బాస రోజంటన్నారు. నువ్వు ఇంగిలీసులో పాడుకో, ఎవులొద్దన్నారు. కానీ నీకు దెబ్బ తగిలితే ఏ బాసలో అరుస్తావో, ఆ బాసలో ఒక్క పాటైనా కట్టు. మీ అరుపులు పాటలే అన్నావు కదా.

ఏటి నవ్వుతావు? పట్టు. సంకనెట్టుకో. అలగ కాదు, బుర్ర నోరు ఎదరకి. పుల్ల బిగించి పట్టు. ఆఁ, మీటు.

ఊహూఁ. గొంతు రానేదు. నీ తప్పు కాదు, మంచు దిగింది. మంట కాడికి తే. సూపించాల, పెట్టకూడదు. అరిసెయ్యి పక్కనెట్టుకో. తిప్పు. ఇంకా తిప్పు. ఆత్రం వొద్దు.

ఎవుల్రా అటు నిలబడ్డారు, ఆ తుప్పల కాడ? రేత్రి ఊరేగింపుకి వొచ్చిన డప్పు జట్టా? ఓ బావూ, డప్పులు తడిసిపోనాయేటి? ఆల్ల మంట ఆరిపోనట్టుంది. అక్కడ నిలబడిపోనారేటి, రండి బావూ, రండి. ఒలే అమ్మీ, ఆ నీల్ల బిందె ఇలగ జరుపు, గలాసులు కడుగు. లెగండర్రా గుంటలూ, కూసింత జరగండి. ఇంకా జరగండి. మంట అందరికీ సాలుద్ది.